చప్పుడు చేసే కెమెరా

"ఏటి తీస్తారు మేడం?" అని అడిగాడు బెన్హర్.

కెమెరా కొనడానికి వచ్చినవాళ్ళని ముందుగా అడగాల్సిన ప్రశ్న అదేనట. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర మేడ మీద చిన్న దుకాణం అతనిది. కొత్తవీ పాతవీ కెమెరాలు అమ్ముతాడు, పెళ్ళిళ్ళకి ఫొటోగ్రాఫర్లని పంపుతాడు. పక్షులా, పసిపిల్లలా, యూట్యూబా, దేనికో చెబితే దానికి తగ్గది చూపిస్తానన్నాడు. పెళ్ళికి అన్నాను. ఎన్ని పెళ్ళిళ్ళకి అన్నాడు. ఒక్కదానికే అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, ఒక్క పెళ్ళికైతే అద్దెకి తీసుకుంటే పోతుంది కదండీ అన్నాడు. వ్యాపారం చేసుకునే మనిషికి అంత నిజాయితీ ఏమిటో. నాకు ఒళ్ళు మండింది.

అద్దె కెమెరాకి ఆధార్ కార్డు ఇవ్వాలి, పూచీకి ఒక మనిషిని చూపించాలి. పూచీకి మనిషి ఉంటే నేను కెమెరా ఎందుకు కొంటాను?

నా పేరు ఝాన్సీ. ఎచ్చెర్ల యూనివర్సిటీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుని. మా ఆయన త్రినాథ్ పెళ్ళయిన నాలుగో ఏడు బైకు మీంచి పడి చనిపోయాడు. పిల్లల్లేరు. క్యాంపస్‌కి దగ్గర్లో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటున్నాను. మా అక్క సుభద్ర కూతురు రేఖ, పీజీ చదివిన రెండేళ్ళూ ఆ గదిలో నాతోనే ఉంది. ఆ రెండేళ్ళూ నేను రెండు పళ్ళాలు కడిగాను. అది వెళ్ళిపోయాక మళ్ళీ ఒకటే కడుగుతున్నాను. ఒక్క పళ్ళెం కడగడానికి నిమిషం కూడా పట్టదు, ఆ తర్వాత పడుకునేదాకా చెయ్యడానికి ఇంకేమీ ఉండదు.

రేఖకి బొబ్బిలి సంబంధం కుదిరింది. తాళి కట్టే వేళ దాని మొహం దగ్గర్నుంచి చూడాలని నా కోరిక. ఇంకేమీ లేదు. కానీ మా ఇళ్ళలో మొగుడు పోయిన ఆడది ఆ సమయానికి పీటల దగ్గరికి రాకూడదు. రావద్దని ఎవరూ అనరు. ఈ రోజుల్లో అలా అంటే బాగుండదని అందరికీ తెలుసు. అందుకని పని అప్పగిస్తారు. నాకెప్పుడూ స్టోరు గది తాళాలు ఇస్తారు. నీకంటే నమ్మకమైన మనిషి ఎవరున్నారే అంటుంది అక్క. మా బంధువుల పెళ్ళిళ్ళలో నన్ను బాగా చూసినవి నూనె డబ్బాలూ కందిపప్పు బస్తాలూనే.

అక్క కొడుకు వెంకీ పెళ్ళిలో ఒకసారి పొరపాటు జరిగింది. వంటవాళ్ళు అడిగారని పెరుగు గిన్నె పట్టుకుని బయటికొచ్చాను. సరిగ్గా అప్పుడే జీలకర్రా బెల్లం పెడుతున్నారు. బావ మేనత్త అసిరమ్మ నన్ను చూసి, వాకిట్లోకొచ్చిన కోడిని తోలినట్టు చెయ్యి ఊపింది. స్తంభం చాటుకి తప్పుకున్నాను. అక్కణ్ణుంచి చూస్తే, పీటలకి జానెడు దూరంలో ఒకావిడ నిలబడి ఫొటోలు తీస్తోంది. వయసు ఇంచుమించు నాదే. పురోహితుణ్ణి కాస్త జరగమంది. ఆయన జరిగాడు. అసిరమ్మ కూడా జరిగింది. ఆవిడకి మొగుడున్నాడో పోయాడో ఎవరూ ఆరా తీయలేదు. చేతిలో నల్లటి పెద్ద కెమెరా, నొక్కినప్పుడల్లా టకటకమని చప్పుడు, మొహం మీద ఫ్లాషు. ఆ చప్పుడు వినగానే మనుషులు వాళ్ళంతట వాళ్ళే దారి ఇచ్చేస్తున్నారు. సెల్‌ఫోనుతో తీసేవాళ్ళని మాత్రం అవతలికి పొమ్మని కసురుతున్నారు.

నాకేం కావాలో ఆరోజే తేలిపోయింది.

ఇదంతా బెన్హర్‌కి చెప్పలేను కదా. చీటీ పాడితే వచ్చిన ముప్పై వేలున్నాయి, అందులోనే రావాలి అన్నాను. అతను చాలా శ్రద్ధగా ఒక బుల్లి కెమెరా తీసి నా అరచేతిలో పెట్టాడు. మిర్రర్‌లెస్ అట. లోపల అద్దం ఉండదు కాబట్టి బరువుండదు, కావాలంటే చప్పుడు కూడా లేకుండా తీస్తుందట.

"ఒక సేత్తో తీసెయ్యొచ్చు మేడం. మీరక్కడున్నట్టే ఎవలికీ తెలీదు" అన్నాడు సంబరంగా.

అదే వద్దన్నాను. వెనక అరలో ఉన్న బండలాంటిది చూపించమన్నాను. అది డీఎస్ఎల్ఆర్, పాతది, ఇప్పుడు దాన్ని ఎవరూ అడగడం లేదన్నాడు. అడగకపోతే ఏం, నేను అడుగుతున్నాను. చేతికిచ్చాడు. మీట నొక్కితే టకాల్మంది. ఇంకో రెండు ఉంటే అవీ తెప్పించి, కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు ఒక్కొక్కటే నొక్కి విన్నాను. మొదటిదే గట్టిగా ఉంది. ఆ చప్పుడు లోపలి అద్దం లేచి పడటం వల్ల వస్తుందని, అది లేచిన క్షణం కంటికి ఏమీ కనపడదని, మొదట్లో కాస్త ఇబ్బందిగా ఉంటుందని బెన్హర్ చెప్పాడు. సరే సరే అన్నాను. ఆ ముక్క నా చెవికెక్కలేదు.

ఇంకా కొంత డబ్బు మిగిలింది. దాన్ని మంచి లెన్సు మీద పెట్టమని అతను బతిమాలాడు. కెమెరా బాడీ రేపు మారిపోతుంది, లెన్సే కలకాలం ఉంటుంది అన్నాడు. నేను మాత్రం ఇది ఇంకా పెద్దగా కనబడాలంటే ఏం తగిలించాలని అడిగాను. అతను కింద బిగించే గ్రిప్పూ, పైన బిగించే ఫ్లాషూ తెచ్చి పెట్టాడు. అన్నీ బిగించాక అది పసిబిడ్డంత బరువైంది. రెండు చేతులూ వేస్తే గానీ లేవలేదు. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

అక్కావాళ్ళని ఒప్పించడం కెమెరా కొన్నంత కష్టం కాలేదు. మగపెళ్ళివారు విజయనగరం నుంచి డ్రోనుతో సహా బృందాన్ని తెస్తున్నారు. ఆడపెళ్ళివారి తరఫున కూడా ఎవరో ఒకరు ఉండకపోతే నామోషీ. ఆ రేట్లు విని మా బావ జగన్నాధానికి నిద్ర పట్టడం లేదు. నేను ఊరికే తీస్తానన్నాను. అక్క నసిగింది, అసిరమ్మత్త ఏమంటుందో అంది. బావ కొట్టిపారేశాడు.

"ఫొటోలు తీసినోలకి పట్టింపులేటే" అన్నాడు.

మా బావ సంఘసంస్కర్త అయింది జీవితంలో ఆ ఒక్క నిమిషమే, అదీ నా చీటీ డబ్బు పుణ్యమా అని.

ఇక నేర్చుకోవాలి. ఎవర్ని తీసి నేర్చుకోను? ల్యాబులో పిల్లలు నన్ను చూస్తే గాజు బ్యూరెట్ పగలగొట్టిన సంగతి ఎక్కడ బయటపడుతుందోనని తప్పుకుంటారు. గదిలో గ్యాసు సిలిండరునీ, కిటికీ చువ్వల్నీ తీశాను. ఆదివారాలు బస్సెక్కి శ్రీకూర్మం వెళ్ళాను. త్రినాథ్ పోయినప్పుడు కర్మకాండ చేసింది అక్కడే. గుడి వెనక తాబేళ్ళు ఉంటాయి. వాటికి తొందర లేదు, మొహం పక్కకి తిప్పుకోవు, ఎవరమ్మా నువ్వు అని అడగవు. నేను తీసిన మొదటి మంచి ఫొటోలన్నీ తాబేళ్ళవే. అవి చూపించడానికి ఎవరూ లేక రేఖకి వాట్సాప్‌లో పంపాను. "బాగా వచ్చాయి పిన్నీ" అని రాసింది. పెళ్ళి కుదిరిన పిల్లకి తాబేళ్ళేం నచ్చుతాయి, నా మనసు కష్టపెట్టకూడదని రాసి ఉంటుంది. అయినా ఆ ముక్క చాలాసార్లు చదువుకున్నాను.

పెళ్ళి అక్కావాళ్ళ ఊరు కోటబొమ్మాళిలో, పొద్దుటి ముహూర్తం. పట్టుచీర కట్టుకోలేదు. నల్ల చుడీదారు వేసుకుని, జుట్టు బిగించి ముడేసుకుని, కెమెరా మెడలో వేసుకున్నాను. ఏ మాటకామాటే చెప్పాలి, నా లెక్క తప్పలేదు. టకాల్మని ఒకసారి నొక్కేసరికి మంటపం మెట్ల దగ్గర గుంపు రెండుగా చీలింది. అసిరమ్మ కళ్ళు చికిలించి చూసి, ఫ్లాషు పడగానే పక్కకి జరిగింది. రేఖ అత్తగారు దాలమ్మగారు నన్ను మూడునాలుగుసార్లు పిలిచి ఆడపడుచులతో ఫొటోలు తీయించుకున్నారు. పైట సర్దుకుని, కెమెరా గాజుకంటిలోకి చూసి నవ్వేవారు. నా మొహం చూడాల్సిన అవసరం ఆవిడకి రాలేదు. పీటలకి జానెడు దూరంలో నిలబడ్డాను. ఇన్నేళ్ళలో నేను ఒక పెళ్ళిని ఎదురుగా చూడటం అదే మొదలు. ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మంగళసూత్రం పళ్ళెంలో పెట్టి అందరికీ చూపించాక అక్క అక్షింతలు పంచుతూ వచ్చింది. అసిరమ్మకి పెట్టింది, డ్రోను కుర్రాడికి కూడా పెట్టింది. నా దగ్గరికొచ్చి ఆగింది. పళ్ళెం కేసి చూసింది, నా కేసి చూసింది.

"నీ సేతులు కాళీ లేవు కదే" అంది మెల్లగా.

నిజమే, లేవు. రెండు చేతులూ పట్టాల్సిన దాన్ని ఏరి కోరి కొన్నదాన్ని నేనే. అక్క ముందుకెళ్ళిపోయింది. తనకి ఆ కెమెరా ఎంత కలిసొచ్చిందో అప్పుడు అర్థమైంది. నన్ను దాటెయ్యడానికి ఇన్నాళ్ళూ తనకి తాళాల గుత్తి కావాల్సొచ్చేది, ఇప్పుడు అదీ అక్కర్లేదు.

బాజాలు జోరందుకున్నాయి. పెళ్ళికొడుకు లేచి రేఖ వెనక్కి చేతులు పోనిచ్చాడు. తల వంచుకోవాల్సిన పిల్ల తలెత్తింది. వెతుకుతోంది. ముందు స్టోరు గది తలుపు వైపు చూసింది, నేనెప్పుడూ ఉండే చోటు అదే కాబట్టి. తర్వాత ఇటు తిరిగింది, చూపు కెమెరా మీద ఆగింది. పరీక్షకి వెళ్ళేముందు గది గుమ్మంలో నిలబడి చూసేది చూడండి, ఆ చూపు. కెమెరా దించితే చాలు, నా మొహం దానికి కనబడుతుంది. పక్కనే అసిరమ్మ ఉంది. దించిన మరుక్షణం నేను ఫొటోలు తీసే మనిషిని కాను, తాళి కట్టే వేళకి ఎదురొచ్చిన విధవని. భయమేసింది. మీట నొక్కాను. కంటి ముందు చీకటైపోయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ చీకటి. ఆపకుండా నొక్కుతూనే ఉన్నాను. చివరికి చూపు కుదురుకునేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి, రేఖ తల వంచేసుకుంది, దాని జుట్టు నిండా అక్షింతలు.

ముడి పడే క్షణాన నేను చూసింది ఏమీ లేదు.

తర్వాత వారం రేఖని వెంటబెట్టుకుని పెళ్ళికొడుకూ వాళ్ళవాళ్ళూ కోటబొమ్మాళిలో అక్కావాళ్ళింటికి వచ్చారు. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి తెమ్మని బావ ఫోను చేస్తే వెళ్ళాను. ఆరోజు కెమెరా తీసుకెళ్ళలేదు. మామూలు చీర కట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. నన్ను ఎవరికీ పరిచయం చెయ్యలేదు, కాఫీలు అందిస్తుంటే పక్కింటి మనిషి అనుకుని ఉంటారు. టీవీలో ఒక్కో ఫొటో వస్తుంటే డ్రోనువాళ్ళ ఫొటోల కంటే ఇవే బాగున్నాయని అందరూ మెచ్చుకున్నారు. తాళి కట్టే ఫొటో వచ్చింది. నిజంగానే బాగా వచ్చింది. పెళ్ళికొడుకు వేళ్ళు, పసుపుతాడు, వాటి పైన రేఖ కళ్ళు. నేను చూడలేకపోయినదంతా అందులో ఉంది.

దాలమ్మగారు సోఫాలోంచి ముందుకు వంగారు.

"ఎవలికేసి సూస్తన్నాదమ్మా కోడలు, అంత బెంగగాను?"

"ఎవలున్నారండీ అక్కడ, ఫొటోలు తీసినావిడే కదా" అంది అక్క. గుమ్మం వైపు చూడలేదు.

ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళం. అయినా అక్కకి ఇంకా పెళ్ళి కావాల్సిన పిల్లలున్నారు, వియ్యపురాలి ముందు దాని భయం దానిది అని నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను.

"పిన్నికేసి చూశాను" అంది రేఖ.

"ఏ పిన్ని?" అన్నారు దాలమ్మగారు.

అక్క చెబుతుందేమోనని చూశాను. అక్క ఖాళీ కప్పులు ఒకదాన్లో ఒకటి పేరుస్తోంది. బావ రిమోట్ వెతుకుతున్నాడు. రేఖ నా వైపే చూస్తోంది, ఫొటోలో ఎలా చూసిందో అలాగే. ఈసారి నా మొహానికి అడ్డం ఏమీ లేదు.

"నేనేనండి. సుభద్ర చెల్లెల్ని" అన్నాను.

దాలమ్మగారు ఇటు తిరిగారు. మంచి మనిషి. మొహంలో విసుగు లేదు, కోపం లేదు. పక్కన చోటు చూపించి కూర్చోమన్నారు కూడా.

"అయ్యో, సొంత పిన్నివేటి? మరి పెళ్ళిలో ఎక్కడా కనబళ్ళేదేటమ్మా?" అని అడిగారు.

"ఉన్నానండి. మీ ముందరే ఉన్నాను" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని నా మొహంలోకి చూస్తూ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. పాపం, చాలాసేపే ప్రయత్నించారు.