మూడు పూతల బోర్డు

మేనత్త ఇంటి కాగితంలో "రాజుగారి వీధి, ఏడో నంబరు" అని ఉంది. ఊళ్లో ఇప్పుడు ఆ పేరుతో వీధే లేదు. లేని వీధిలో ఇల్లెలా ఉంటుందని, సాయంత్రంలోగా రుజువు తేకపోతే సర్కారు తీసేసుకుంటుందని గుమాస్తా తెగేసి చెప్పాడు. ఎనభై రెండేళ్ల అత్తకి తలదాచుకోడానికి అది తప్ప మరో చోటు లేదు.

మేనల్లుడు పెయింటరు. మీసం మెలేసి, "నేనున్నాగా!" అన్నాడు. వీధుల బోర్డులన్నీ తాత నాటి నుంచీ వాళ్లింటి చేతిరాతే. రాజు పోయి దొర వచ్చాడు, దొర పోయి మంత్రులొచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు వీధుల పేర్లు మార్చారు. వీళ్లు పాత రంగు గీకరు, దానిమీదే కొత్త పూత వేస్తారు. గీకితే రాజుగారు బయటపడక ఎక్కడికి పోతారు?

అత్త వీధి బోర్డు ఊడదీసి, అత్తను వెంటబెట్టుకుని ఆఫీసుకి తెచ్చి, గుమాస్తా ఎదుటే గీకాడు. మంత్రి పోయాడు, దొర కనిపించాడు. దొరను గీకితే "చేపల సంత వీధి" తేలింది.

పెయింటరుకి బుర్ర తిరిగిపోయింది. రాత తాతదే, సందేహం లేదు.

"అత్తా, మన వీధిలో చేపలెప్పుడు అమ్మారే?"

"ఎప్పుడూ లేదురా. ఆగు... దొర వచ్చిన కొత్తలో మూడ్రోజుల్లో పేర్లన్నీ మార్చమన్నారు. మీ తాత బోర్డులన్నీ పెరట్లో పోగేశాడు. నేనే అందించా. ఏది చేతికొస్తే దానిమీద రాసేశాడు."

అంటే ఊరంతా కలగాపులగం! తాతమీద ఒళ్లు మండింది పెయింటరుకి.

గుమాస్తాకి ఇవేవీ పట్టవు. "రాజుగారి పేరు ఏ బోర్డు కింద ఉంటే అదే రాజుగారి వీధి," అన్నాడు.

ఎండలో నిచ్చెన మోసుకుంటూ పెయింటరు పదకొండు బోర్డులు గీకాడు. పన్నెండోది ఆఫీసు గోడమీదిదే. దాని కింద చక్కగా "రాజుగారి వీధి" అని ఉంది. ఆఫీసు గుమ్మం మీద నంబరు ఏడు.

"అయితే ఈ ఆఫీసు నాదా, బాబూ?" అంది అత్త, నిజంగానే అర్థంకాక.

గుమాస్తా మొహం పాలిపోయింది. "ముందు దానిమీద రంగెయ్యవయ్యా!" అంటూ అత్త కాగితం మీద ముద్ర గుద్ది పంపించేశాడు.

ఇల్లు దక్కింది. వీధి మొదట్లో పెయింటరు బోర్డు బిగించి, కుంచె ముంచి, అత్తవైపు తిరిగాడు.

"ఏం రాయను అత్తా?"

అత్త వీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"నేను పుట్టింది ఇక్కడేరా," అంది మెల్లిగా. "ఇక్కడంటే ఎక్కడో, నువ్వే చెప్పాలి."