పెండ్లికూతురి గదిలో పాట

శుభవార్త వచ్చేసరికి భువన సంగటి కెలుకుతోంది. మధ్యలో వదిలితే ఉండలు కడుతుంది. అందుకని చేతిలో కట్టె వదలకుండానే, భర్త ధనశేఖర్ స్పీకర్‌లో పెట్టిన ఫోను వైపు చెవి ఒగ్గి, పొయ్యి ముందే రెండు గంతులు వేసింది. హోసూరు బైపాసు పక్కన ఏళ్లుగా తాళం పడి ఉన్న కల్యాణ మండపాన్ని ఒక ఆదివారమంతా ఇస్తానని దాని యజమాని శేషప్ప ఒప్పుకున్నాడు.

పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఆపకుండా పాటలు. నూరేళ్లుగా జనం నోళ్లలో నలిగిన పాటలు. వినేవాళ్లు కుర్చీల్లో కూర్చోరు, గది నుంచి గదికి నడుస్తారు. గడప పక్క ఆఫీసు గదిలో గ్రామఫోను కాలం, భోజనాల హాల్లో రేడియో కాలం, వేదిక మీద పెండ్లి మైకుసెట్ల కాలం, పెండ్లికూతురి గదిలో క్యాసెట్ల కాలం, మేడ మీద సెల్‌ఫోన్ల కాలం. ఒక్కో గదిలో ఆనాటి వెలుతురు, ఆనాటి వాసన, ఆనాటి తీరులో పాడేవాళ్లు. పెళ్లయిన కొత్తలో కృష్ణగిరి నుంచి బస్సులో వస్తూ, సూళగిరి దాటేలోపే ఇదంతా ధనశేఖర్ అరచేతిలో వేలితో గీసి చూపించింది భువన. అతనికి తండ్రి నుంచి వచ్చిన ఆర్కెస్ట్రా ఉంది. ఆమెకు చరిత్రలో డిగ్రీ ఉంది. ఇంక కావలసిందేముంది అనుకుంది.

“ఈ ఐడియా నాకు శానా దినాలుగా ఉండాదప్పా” అని అతను శేషప్పతో చెబుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. కొత్త కాపురంలో నీదేది, నాదేది. సాయంత్రం అతను ఎగుమతికి పనికిరావని తోటవాళ్లు తీసిపెట్టిన రోజాలు ఒక చేటెడు తెచ్చాడు. బిందెలో, చెంబులో, చివరికి పాల గిన్నెలో కూడా పెట్టి మురిసిపోయింది.

అప్పుడే మొదటిసారి విన్నది ఆ కూనిరాగం.

తిరిగి చూస్తే అత్త మునిలక్ష్మమ్మ గోడకు ఆనుకుని వెల్లుల్లి వలుస్తోంది. నోరు మూసే ఉంది. రాగం ఆగిపోయింది. ధనశేఖర్ అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. పక్కింటి టీవీ అయి ఉంటుందనుకుంది. కానీ మర్నాడు బట్టలు జాడిస్తుంటే మళ్లీ వచ్చింది, ఆ తర్వాత గిన్నెలు తోముతుంటే. అదే రాగం, అదే చోట మలుపు తిరిగి, పూర్తికాకుండానే ఆగేది. అది వినిపించినప్పుడల్లా ఇంట్లో ఆడవాళ్లిద్దరే ఉండేవారు.

ఆ నెలంతా పనితో పరుగే. పాత పాటలు ఏరింది, ఏది ఏ గదిలో ఎవరు పాడాలో కూర్చింది, గోడలకు కట్టే చీరల రంగులు కూడా తానే చూసింది. పోస్టర్ మీద ‘రూపకల్పన: ధనశేఖర్’ అని వచ్చింది. దానికీ ఆమె పెద్దగా బాధపడలేదు. అతని పేరును వేలితో తడిమి, అచ్చు ఎంత బాగుందో అనుకుంది. తను కాలేజీలో పాడేదాన్నని, క్యాసెట్ల గదిలో ఒక పాట పాడతానని అడిగినప్పుడు మాత్రం అతను నవ్వి ఆమె జడ లాగి, “పాడొద్దని యెవురన్నారు? పాడు. అయితే నలభై మంది ఆర్టిస్టులకు తిండి యెవురు చూస్తారు? అమ్మకు మోకాళ్ల నొప్పులు కదా” అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, ఆ మాట లోపల ముల్లులా దిగిందని తెలుసుకోవడానికి ఆమెకు వారం పట్టింది. పాడొద్దని ఎవరూ అనలేదు, నిజమే. అయినా ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి తను ఒక్క పల్లవైనా నోరు తెరిచి పాడలేదని అప్పుడు గుర్తొచ్చింది. పాట నోటిదాకా వచ్చేసరికి కుక్కర్ కూస్తుంది, ఎవరో కాఫీ అడుగుతారు. పెళ్లికి ముందు ఊపిరి తీసినంత సులువుగా పాడేది. అది ఎప్పుడు ఆగిందో కూడా తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం పెండ్లికూతురి గదిలో ఆమె ఒక్కతే క్యాసెట్లు సర్దుతోంది. గోడంత అద్దం. కిటికీ రంగుటద్దాల్లోంచి పడే ఎర్రటి వెలుతురు. ఎందరు పెళ్లికూతుళ్లు ఈ అద్దంలో బొట్టు దిద్దుకుని ఉంటారో అనుకుంటూ మామగారి క్యాసెట్టు సెట్టులో పెట్టింది. ఆర్కెస్ట్రా పెట్టిన గోపాలప్ప పోయి చాలా ఏళ్లయింది. నాయన గొంతుతోనే ఆ గది తెరవాలని ధనశేఖర్ పట్టు.

“అమ్మలారా, అయ్యలారా” అని గోపాలప్ప కంచుగొంతు మొదలైంది. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ సందులో, బావి అడుగునుంచి వచ్చినట్టు, ఒక ఆడగొంతు పాడుతోంది.

భువన సెట్టు మీదకు వంగింది. అదే రాగం. ఆయన మాట్లాడితే మునిగిపోతోంది, ఆయన ఆగితే తేలుతోంది. తలెత్తి అద్దంలో చూసింది. వెనక గుమ్మంలో అత్త, ఉల్లిపాయల గంపతో. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా, ఆ గొంతుకు అక్షరం తప్పకుండా. పక్కనే అద్దంలో తన పెదవులు. అవీ కదులుతున్నాయి.

గబుక్కున సెట్టు ఆపింది. గొంతు ఆగింది. అత్త పెదవులు ఇంకాసేపు కదులుతూనే ఉన్నాయి.

“అత్తా, ఇది నువ్వేనా?”

మునిలక్ష్మమ్మ పెళ్లికూతుళ్లు కూర్చునే పీట మీద కూర్చుని, మెల్లగా చెప్పింది. పెళ్లయిన కొత్తలో గోపాలప్ప బెంగళూరు నుంచి టేపు సెట్టు తెచ్చాడు. పనిచేస్తుందో లేదో చూడటానికి ఆమెను పాడమన్నాడు. ఆమె క్యాసెట్టు నిండా పాడింది. ఇద్దరూ తలుపులు వేసుకుని విని నవ్వుకున్నారు. కొన్నాళ్లకు ఆర్కెస్ట్రా ప్రకటన రికార్డు చేయాల్సొచ్చింది. చేతికి అదే క్యాసెట్టు దొరికింది.

“పాడొద్దని యెవురూ అనలేదు భువనా. మళ్లా పాడమనీ అనలేదు. సంగటి కెలికేది ఉన్నింది, పోయి కెలికినాను.”

“మరి ఇంట్లో ఇన్నాళ్లూ వినిపించింది?”

“నేను పాడలేదే,” అంది మునిలక్ష్మమ్మ. “పెండ్లయిన యేడే మానేసినాను.”

ఇంతలో ధనశేఖర్ లాప్‌టాప్‌తో వచ్చాడు. సెట్టును దానికి తగిలించి, క్యాసెట్టు విని మొహం చిట్లించాడు. “రికార్డు చేసేటప్పుడు పాతది చెరిపే హెడ్డు అరిగిపోయుంటాది, యేదో మిగిలిపోయినాది. లోపల గీమంటా ఉండాది. రెండు నిమిషాలు, ఆ గోల తీసేస్తా. నాయన గొంతు క్లీనుగా వస్తాది.” తెర మీద లావుపాటి అల, దాని కింద సన్నటి అల. అతని వేలు సన్నటిదాన్ని పట్టుకుంది. అది తల్లి గొంతని అతనికి తెలియలేదు.

“తీసెయ్ నాయనా,” అంటూ మునిలక్ష్మమ్మ గంప ఎత్తుకుని లేచింది.

భువన చేయి చాచి లాప్‌టాప్ మూత వేసింది. ఇద్దరే ఉన్నప్పుడు ‘ధనా’ అనేది, అత్త ముందు ‘మామా’ అనేది. ఇప్పుడు అత్త ముందే, “ధనా,” అంది. “గోల కాదది. మీ అమ్మ. రేపు ఈ క్యాసెట్టు వేసేది లేదు. ఈ గదిలో అత్త పాడతాది. నేను పక్కన నిలబడి పాడతాను.”

అతను తల్లిని చూశాడు, అద్దంలో తల్లిని చూశాడు. “మరి... తిండి?” అన్నాడు చివరికి.

“రూపకల్పన నీదే కదా,” అంది భువన. “అదీ నువ్వే చూసుకో.”

సెట్టు ఆగే ఉంది. అయినా గదిలో ఎక్కడో ఆ రాగం మొదలైంది. ఈసారి మలుపు దగ్గర ఆగలేదు. ఎవరని ముగ్గురిలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

మునిలక్ష్మమ్మ గంప నేల మీద దించింది.

“రేపు తెల్లారకముందే నన్ను లేపు, భువనా,” అంది. “పొయ్యి ముట్టించేదానికి కాదు.”