కనకవ్వ మాట వినే అంపైర్లు

మ్యాచ్ చూసుకుంట తెర మీదోన్ని తిట్టని మనిషి మీలో ఒక్కరన్న ఉన్నరా? ఉంటే ఈ కథ వాళ్లకు కాదు. మిగిలినోళ్లు చెప్పండి, మీరు తిడితే ఎవరన్న విన్నరా?

కనకవ్వ తిడితే వింటరు.

సిద్దిపేటల మగ్గం చప్పుడు ఇంకా ఆగని గల్లీ ఒకటున్నది. కనకవ్వ ఉండేది అక్కడనే. పొద్దున అయిదున్నర వరకు వాకిలి ఊడ్చుడు, చాయ తాగుడు అయిపోయి రాట్నం ముందల కూసుంటది. కండెలు చుట్టుడు ఆమె పని. ఆ కండెలతోని చీర నేసుడు పెనిమిటి నాగయ్య పని. నూలు డబ్బాకు ఆనిచ్చి ఫోను ఉంటది, ఫోన్ల అమెరికా బేస్‌బాల్ ఉంటది. మనకు తెల్లారే యాళ్లకు వాళ్లకు పొద్దు గూకి మ్యాచ్ మొదలైతది.

ఈ ఆటను ఇంట్లకు తెచ్చింది బిడ్డ సహస్ర. ఏడో తరగతిల ఉన్నప్పుడు పీఈటీ సార్ ఈ పిల్లను చూసి, పొట్టిగున్నది, చురుకుగున్నది అని క్యాచర్‌ను చేసిండు. బ్యాట్ పట్టినోళ్ల ఎనుక మోకాళ్లు మడిచి కూసోని బంతి పట్టుడు క్యాచర్ పని. పెద్ద క్యాచర్లు ఎట్ల పడ్తరో చూసి నేర్చుకుందామని పిల్ల ఫోన్ పెట్టింది. నేర్చుకున్నది పిల్ల, పిచ్చి పట్టింది తల్లికి. శనివారం సాయంత్రాలు ఇంగ్లండు ఫుట్‌బాల్ కూడ మొదలువెట్టింది. మూడేండ్లయ్యేసరికి రెండు ఆటల మీద ఆమెకు లేని అభిప్రాయం లేదు.

ఒకనాడు నడిమిట్లకెంచి సక్కగ పోయిన బంతిని అంపైర్ స్ట్రైక్ కాదన్నడు, అంటే బ్యాట్ పట్టినోనికి అందే బంతి కాదన్నట్టు. “కండ్లు ఇంట్ల మర్చిపోయి వచ్చినవా బిడ్డా?” అన్నది కనకవ్వ. అంపైర్ ముఖం మీది ఇనుప జాలీ తీసి కెమెరా దిక్కు చూసిండు. కండ్లు తుడుచుకొని మల్ల పెట్టుకున్నడు. ఆ తర్వాతి బంతి సక్కగ చెప్పిండు. నాగయ్య మగ్గం ఆపకుండనే “విన్నడు” అన్నడు. గంతే. గల్లీల దాని మీద పెద్ద ముచ్చట ఏం నడువలే. ఎదురింటి దర్జీ కర్ణాకర్ మాత్రం అప్పుడప్పుడు కిటికీలకెంచి ఒర్లుతడు, “అక్కా, ఆ బంతి ఇసిరేటోని చెయ్యి గుంజుతున్నది, మార్చుమను.” ఈమె చెప్తది. ఏడు సముద్రాల అవతల కోచ్ లేచి మైదానంలకు నడుస్తడు.

ఫుట్‌బాల్ రెఫరీ చెవి మీద చెయ్యి పెట్టుకొని నిలబడుతడు గద, వీడియో గదిలకెంచి మాట వస్తున్నదని జనం అనుకుంటరు. సగం సార్లు కనకవ్వ మాటనే.

ఫుట్‌బాల్ అంటే ఆమెకు కోపం ఎక్కువ. భుజం గీత దాటిందని నాలుగు నిమిషాలు కొలిచి గోల్ తీసేసుడేంది, మేం చీర అంచు కూడ అట్ల కొలవం అంటది. కాలు తాకకముందే పడి పొర్లేటోన్ని చూస్తే ఆమె చేతిల నూలు తెగుతది. ఊరి పేరు పెట్టుకొని, ఊరోళ్లతోని పాటలు పాడించుకొని, జట్టును ఎడారి అవతలి షావుకార్లకు అమ్ముకునే యజమానులను ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. యజమానులు తెర మీదికి ఎక్కువ రారు, అందుకని వాళ్లకు అందలేదు. బేస్‌బాల్ అంటే ప్రాణం, అయినా ఇడిసిపెట్టది. పొద్దున ఒక జట్టు అంగీ తొడిగి, మాపటికి యజమానులు ఇంకో జట్టుకు మార్చేసిన ఆటగాన్ని చూసి మూడు రోజులు అన్నం సరిగ్గ తినలే. “ఆన్ని అడిగిన్రా? ఆన్ని ఒక్క మాటన్న అడిగిన్రా?” అని ఒకటే గోల. గడియారం లేని ఆటకు గడియారం తెచ్చి పెట్టినోళ్ల మీద ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఒక్క చిక్కున్నది. ఆమె మాట ఫోన్ అద్దంలకెంచే పోతది, అదీ లైవ్ అయితేనే. అద్దం లేకుండ ఎదురుంగ నిలబడి మాట్లాడితే ఎవరికీ చెవికెక్కది. బస్సుల కండక్టర్‌కు వినబడది, బ్యాంకుల మేడంకు వినబడది. ఇందుల మాయ ఏమున్నది, మన ఆడోళ్లు సగం మందిది ఇదే కథ.

ఈ ఏడు సహస్ర ఇంటర్ పాసైంది. హైదరాబాద్‌ల వ్యాయామ విద్య కాలేజీల ఆటల కోటా సీటు వచ్చేటట్టున్నది. రాష్ట్ర స్థాయిల రెండుసార్లు బేస్‌బాల్ ఆడింది, సర్టిఫికెట్ ఉన్నది. పరిశీలనకు పోయిన నాడు టేబుల్ ముందల కూసున్న సార్ కాగితం చూసిండు, పిల్లను చూసిండు, కాగితం మల్ల చూసిండు. మూలకున్న పెద్ద నారింజ బంతి తెప్పించి, కొట్టుకుంట ఉరుకుమన్నడు. సహస్రకు ఏం సమజ్ కాలే. నేను క్యాచర్‌ను సార్ అన్నది. ఆయన కాగితం ఇటు తిప్పి చూపెట్టిండు. ఆట: బాస్కెట్‌బాల్.

నాలుగడుగుల పది అంగుళాల పిల్ల. పక్కన వరుసల నిలబడ్డోళ్లు నవ్విన్రు. కాగితం ఒకటి చెప్తున్నది, మనిషి ఒకటి చెప్తున్నది, శుక్రవారం వరకు సరిచేసుకొని రా, లేకుంటే సీటు కిందోళ్లకు పోతది అని సార్ చెప్పి పంపిండు.

సర్టిఫికెట్ ఇచ్చిన ఆఫీసు పేరు నేను చెప్పను. ఆటల ఆఫీసే అనుకోండి. తల్లీబిడ్డలు సోమవారం పోయిన్రు. అక్కడ హరికిషన్ అనే క్లర్క్ ఉన్నడు. చెడ్డోడేం కాదు, మంచినీళ్లిచ్చి కూసోబెట్టిండు. ఫైల్ తీసి చూసి, తన పనితనం తనకే నచ్చినట్టు ముసిముసిగ నవ్విండు.

“లిస్టుల బేస్‌బాల్ అని వచ్చిందమ్మా. అసొంటి ఆట మన దిక్కు యాడున్నది? పిల్లలు స్పెల్లింగ్ తప్పు రాసిన్రని నేనే దిద్దిన.”

దిద్దిండట. అడగలే, ఫోన్ చేయలే, దిద్దిండు.

మరి ఇప్పుడు మల్ల దిద్దుమన్నది సహస్ర. అట్ల కుదరదట. ఇచ్చిన సర్టిఫికెట్‌ల తప్పు ఉన్నదంటే అది దరఖాస్తుదారు తప్పే అయ్యుండాలె. స్టాంపు కాగితం మీద నోటరీ చేయించుకొని రావాలె. అందుల ఏం రాయాల్నో అచ్చు కాగితం కూడ ఇచ్చిండు: ‘నా అజాగ్రత్త వలన ఆట పేరు తప్పుగా తెలియజేసినాను. ఇందుకు పూర్తి బాధ్యత నాదే.’ కింద సంతకం జాగ.

కనకవ్వ ఎదురుంగ నిలబడి చానా మాట్లాడింది. హరికిషన్ ఫ్యాన్ దిక్కు చూసి, రెక్క చప్పుడు చేస్తున్నదేంది అన్నడు.

మంగళవారం, బుధవారం ఇంట్ల పోట్లాటనే. నాగయ్యది ఒకటే మాట, సంతకం పెట్టు, సీటు తెచ్చుకో, కాగితానిది ఏమున్నది. తప్పుడు సమాచారం ఇచ్చిన అని నేనే రాసిస్తే రేపు నౌకరీకి పోయిన కాడ అదే కాగితం తీసి నన్ను బయటికి పంపరా బాపూ అని సహస్ర. పెట్టకుంటే నౌకరీ దాక పోనే పోవు గద అని ఆయన. ఇద్దరిదీ నిజమే. అందుకే మంట ఎక్కువ. బుధవారం మాపటికి పిల్ల స్టాంపు కాగితం తెచ్చుకున్నది. పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, ఏడ్చింది.

“అవ్వా, నేను పెడ్త. నా తోని అయితలేదు.”

“రేపు పగటియాళ్ల దాక ఆగు,” అన్నది కనకవ్వ.

గురువారం పదకొండింటికి ఆ ఆఫీసు పెద్ద సార్ క్రీడాకారుల సమస్యల మీద లైవ్‌ల మాట్లాడుతడని ఫోన్ల నోటీసు వచ్చింది. సమస్యల మీద మాట్లాడే లైవ్‌ల కామెంట్లు బంద్ చేసి పెట్టిన్రు. ఇది నేను కల్పించలేదు, ఇసొంటివి మీరూ చూసిన్రు. చెప్పేటోళ్లు వాళ్లే, వినేటోళ్లం మనమే, అడిగే జాగకు మాత్రం తాళం.

కనకవ్వ రాట్నం ఆపింది. ఫోన్ అద్దం కొంగుతోని తుడిచింది. అవతల సార్ క్రీడాకారులు దేశ గౌరవం అని చెప్తుండు. ఆమె గొంతు లేపలేదు. అంపైర్‌ను తిట్టినప్పుడు లేపినంత కూడ లేపలేదు.

“సార్, కాగితం పక్కకు పెట్టి ఇటు చూడుండ్రి.”

సార్ మాట నడుమ ఆగిండు. చూసిండు.

“బేస్‌బాల్ అని ఒక ఆట ఉన్నది. పొద్దుగాల్ల లేస్తే నేను చూసేది అదే. ఆ ఆటల బోర్డు మీద మూడు గడులుంటయి. వచ్చిన పరుగులు, బ్యాట్‌తోని కొట్టిన దెబ్బలు, చేసిన తప్పులు. చేతులకు వచ్చిన బంతిని జారిడిస్తే, జారిడిసినోని పేరు మీదనే తప్పు పడ్తది. కోట్లు తీసుకునేటోడైనా పడ్తది. బంతి కొట్టినోని మీద రాయరు. నా బిడ్డ ఆడింది. మీరు జారిడిసిన్రు. తప్పు ఆమె పేరు మీద రాయుమంటున్రు. గిదేం ఆట సార్?”

“ఏ పిల్లమ్మా?” అన్నడు సార్.

చెప్పింది. సార్ హరికిషన్‌ను పిలిచిండు. అతను ఫైల్ పట్టుకొని తెరలకు వచ్చిండు. మంచికే దిద్దిన సార్ అన్నడు.

“దిద్దేముందు పిల్లను అడిగినవా?”

హరికిషన్ రిజిస్టర్ తెరిచి ముందల పెట్టిండు. సార్ పెన్ను తీసి రిజిస్టర్‌ల రాసిండు, రాసింది చదివిండు: ఆట పేరు తప్పుగా నమోదు చేసినది ఈ కార్యాలయం. చదివి, మల్ల కెమెరా దిక్కు చూసి, దేశ గౌరవం కాడికి పోయిండు. ఆ వీడియో ఇంకా ఉన్నది. అటు దిక్కు మాటలే వినబడ్తయి, కనకవ్వ మాట్లాడిన కాడ ఖాళీలుంటయి.

ఇంట్ల సహస్ర స్టాంపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తండ్రికిచ్చింది. నాగయ్య దాన్ని ఊగుతున్న మగ్గం కాలు కింద చెక్కలెక్క దూర్చిండు. శుక్రవారం పదింటికి సహస్ర ఆఫీసు ఇచ్చిన కొత్త సర్టిఫికెట్‌తోని పరిశీలన వరుసల నిలబడ్డది. ఈసారి ఎవరూ బంతి తెప్పించలేదు. మోకాళ్లు మడిచి కూసోమన్నరు, కూసున్నది. సీటు ఇచ్చిన్రు.

ఇక్కడితోని అయిపోతే నేను ఇంత కోపంగ ఉండకపోదును. ఆ తర్వాతి వారం కనకవ్వ ఇంటి ముందల మంది నిలబడ్డరు. బెజ్జంకికెంచి ఒక పిల్ల, సాఫ్ట్‌బాల్ ఆడితే వాలీబాల్ అని దిద్దిన్రట. కోహెడకెంచి ఇద్దరు అక్కాచెల్లెండ్లు, ఆడింది పెద్దది, పేరు పడ్డది చిన్నదానిది. ముగ్గురి చేతుల్లనూ అదే అచ్చు కాగితం, నా అజాగ్రత్త వలన. ఇద్దరు అప్పటికే సంతకం పెట్టిన్రు. కనకవ్వ ఒక్కొక్కరిది వింటున్నది, లైవ్ ఎప్పుడున్నదో కనుక్కుంటున్నది. ఆమె గొంతు పోయింది. కండెలు ఎనుకవడ్డయి, నాగయ్య మగ్గం రెండు రోజులు ఆగింది.

ఆమెది ఒక్క గొంతు. అందుకని మిమ్ముల అడుగుతున్న. ఇంటికి పోయి, ఆడిన పిల్ల ఎవరున్నా ఆ సర్టిఫికెట్ ఈ రోజే బయటికి తీయండి. ఆట పేరు, మనిషి పేరు అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే పది మంది కలిసి ఆఫీసుకు పోండి. తప్పు ఎవరిదో వాళ్ల పేరు మీద రాసేదాక కుర్చీల నుంచి లేవకండి. సంతకం మాత్రం పెట్టకండి.