పొడిగడ్డి

దోనె రేవు వదిలి కాస్త దూరం సాగాక జ్ఞానయ్య తప్పెటను ఒళ్ళోకి తీసుకుని, మంచు తగలకుండా పైగుడ్డ కప్పాడు. మాఘమాసంలో కొల్లేటి మీద పొద్దెక్కేదాకా మంచు విడవదు. తోలు ఒకసారి చెమ్మ పీల్చిందంటే ఇక ఎంత కొట్టినా తడినేలను గుద్దినట్టే ఉంటుంది.

అరవై దాటిన మనిషి. చిన్ననాటి నుంచీ తప్పెట తగిలించుకుని తగిలించుకుని ఎడమ భుజం కుడిదాని కంటే కిందికి జారింది. ఎడమ చెవి ఎప్పుడో మూతపడింది. ఎవరైనా పిలిస్తే తల వంచి కుడిచెవి అటు తిప్పుతాడు. కొత్తవాళ్ళకు అది వినయంలా కనిపిస్తుంది.

దోనె మధ్య పలక మీద ఏలూరు కోర్టు అమీను పాండురంగారావు గారు కూర్చున్నారు. ఆయన పక్కన అప్పిచ్చిన షావుకారు గారి గుమాస్తా నరసరాజు. జ్ఞానయ్య చివర, నీళ్ళు ఊరే చోట. వెనక నిలబడి గెడ వేస్తున్నవాడు పోతురాజు.

వెళ్తున్నది జోగారావు గారి చేనుకు వేలం చాటించడానికి. బాకీ కింద జప్తయిన చేను గట్టు మీదే నిలబడి తప్పెట వేసి, ఫలానా తేదీన వేలమని నలుగురికీ వినిపించాలి. కాగితం చదివేది అమీను గారు, తప్పెట వేసి గొంతెత్తేది జ్ఞానయ్య. తప్పెట మోగని చాటింపు కోర్టులో చెల్లదు.

ఇదివరకు అతని తప్పెటకు ఇన్ని వేలాలు ఉండేవి కావు. పెళ్ళిళ్ళు, పెద్దింటమ్మ జాతర, తప్పిపోయిన గేదె, కాలవకు నీళ్ళు వదిలే రోజు, ఊరిలోకి కలరా వచ్చిందన్న కబురు, ఇవీ అతని పనులు. ధాన్యం ధర సగానికి సగం పడిపోయిన దగ్గర్నించీ ఊళ్ళో పెళ్ళిళ్ళు గుట్టుగా జరుగుతున్నాయి, వేలాలు మాత్రం మోతగా జరుగుతున్నాయి. అతను ఎదురుపడితే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు. జ్ఞానయ్య తప్పెట భుజాన వేసుకుని వీధిలోకి వస్తే ఎవరి కొంప మునుగుతుందో అని.

అతనికి అన్నం ముందు కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పనిదే ముద్ద దిగదు. అతనుండే దిగువపేటలో ప్రార్థన నేర్చుకున్న మొదటి పిల్లల్లో అతనొకడు. ఎండుచేప దొరికినా స్తోత్రమే, ఉత్త గంజి అయినా స్తోత్రమే. వేలం కూలి తినే రోజున మాత్రం కళ్ళు మూసుకున్నాక మాట రాదు. ఒకరి చేను పోయినందుకు వచ్చిన గంజికి స్తోత్రమని ఎలా అనడం? ఊరికే కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి తినేవాడు. అతని భార్య హన్నమ్మ అది చూసీ అడిగేది కాదు.

పోతురాజుకు నోరు ఊరుకోదు. "ఏవండీ అమీనుగారూ, ఊళ్ళన్నీ ఇలా అప్పుల్లో పడ్డాయి కదండీ, ఇది ఎవరి తప్పంటారండీ?" అన్నాడు.

గుమాస్తా అందుకున్నాడు. "రైతుది. ఇంకెవరిది? ధర ఉన్న రోజుల్లో కళ్ళు నెత్తికెక్కి పొరుగు చేను కూడా కొన్నాడు. ఎవడు కొనమన్నాడు?"

"అప్పుడు ఇంటికొచ్చి మరీ, తీసుకోండి తీసుకోండి అన్నది తమరేనట కదండీ?"

"మాదేముందిరా! మా షావుకారుగారు మాత్రం చెట్టుకు కోసుకొచ్చారా? ఏలూరు బ్యాంకులో తెచ్చి ఇచ్చారు. వాళ్ళిప్పుడు పీక మీద కూర్చున్నారు."

"బ్యాంకువాళ్ళ పీక మీద ఎవరండీ?"

"మద్రాసు వాళ్ళు."

"మద్రాసు వాళ్ళ మీద?"

"లండను."

"లండను మీద ఎవరూ లేరాండీ?"

అమీను గారికి నవ్వొచ్చింది. "ఎందుకు లేరూ? యుద్ధం నాటి బాకీ అమెరికాకు బోలెడుందిట. నాలుగేళ్ళ కిందట కట్టడం మానేశారని పేపర్లో వేశారు."

పోతురాజు గెడ ఆపేశాడు. "అయితే అక్కడికి ఏ అమీనూ వెళ్ళలేదాండీ? మా జ్ఞానయ్యను పట్టుకెళ్ళండి బాబూ. లండను గట్టు మీద నిలబడి నాలుగు దెబ్బలు వేసొస్తాడు!"

గుమాస్తా కూడా నవ్వాడు. నవ్వి, "అసలు ధర పడగొట్టింది రంగూను బియ్యం రా," అన్నాడు. "ఓడలకు ఓడలు దిగుమతి చేశారు."

"రంగూను రేవులో బస్తాలెత్తేది జ్ఞానయ్య కొడుకు అహరోనే కదండీ! ఇంకేం, దొంగ దొరికాడు. ఏం జ్ఞానయ్యా, మీ ఇంట్లోనే ఉందయ్యా మూలం!"

జ్ఞానయ్య కుడిచెవి తిప్పి, విని, అందరితో పాటు తనూ నవ్వాడు. అహరోను ఇక్కడ పని లేకే ఓడెక్కాడు. ఆ బస్తాలు ఎవరి నోటికి వెళ్ళాయో, ఎవరి నోరు కొట్టాయో వాడికేం తెలుసు? వీపు మీద బరువు ఒక్కటే తెలుసు. కూలి తగ్గిందని కబురు చేశాడు, ఆ తరువాత కబురే లేదు. నవ్వు అయిపోయాక కూడా జ్ఞానయ్య నీళ్ళకేసి చూస్తూనే ఉన్నాడు.

"ఏదో చట్టం వస్తోందంటున్నారు కదండీ," అన్నాడు పోతురాజు.

"వస్తోంది," అన్నారు అమీను గారు. "పాత అప్పుల మీద వడ్డీ కొట్టేస్తారట. అందుకే కదూ వీళ్ళ తొందర. ఇవాళ తప్పెట మోగిందంటే ఉగాదిలోగా వేలం అయిపోతుంది. మోగకపోతే మళ్ళీ కోర్టు, మళ్ళీ తేదీ. ఈలోగా చట్టం వస్తే రైతు బతికిపోతాడు."

గుమాస్తా ముఖం ఎర్రబడింది. "పుచ్చుకున్నవాడికి మాఫీ, ఇచ్చినవాడికి మొట్టికాయ! మా షావుకారుగారి దగ్గర ముండమోసిన ఆడవాళ్ళు దాచుకున్న డబ్బుందండీ. దానికెవరు చెబుతారు జవాబు?"

పోతురాజు గెడ గట్టిగా అదిమి దోనెను ఒడ్డుకు మళ్ళించాడు.

జోగారావు గారి కళ్ళం చేను పక్కనే. కొత్త గడ్డివాము ఇంకా పచ్చివాసన వేస్తోంది. జోగారావు గారు గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. అమీను గారిని చూసి లేచి, తలగుడ్డ తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నారు. అమీను గారు కాగితం తీయబోతే, "చదవక్కర్లేదండీ, తెలుసు," అన్నారు. "అప్పు చేసి పొరుగున ఆ పైచెక్క కొన్నది నేనే. మా ఆవిడ వద్దంది. నేనే వినలేదు."

తెలిసినా చదవాలి. చదివే ముందు తప్పెట మోగాలి. మోగాలంటే కాచాలి.

తప్పెట కాచడానికి గడ్డి ఆ ఇంటివాళ్ళే ఇవ్వాలి. అది ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. పెళ్ళయినా, చావయినా, తప్పెటవాడు గుమ్మం ముందుకు వచ్చాక గడ్డి లేదనకూడదు. వేలాలు మొదలయ్యాక చాలామంది ఆ ఆనవాయితీ మానేశారు. కొందరు తిట్టి పంపారు, కొందరు తడిసిన చెత్త కాలితో తోశారు. జ్ఞానయ్య దార్లో చితుకులు ఏరుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇవాళ కూడా రెండు గుప్పిళ్ళు మొలలో దోపుకుని వచ్చాడు.

వాటిని బయటికి తీస్తూ ఉండగా జోగారావు గారి భార్య వీరరాఘవమ్మ గారు వాము దగ్గరికి వెళ్ళడం చూశాడు. ఆవిడ పైపొర పక్కకు నెట్టి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపలి గడ్డి లాగుతోంది. లాగింది లాగినట్టు నలిపి చూసి, మెత్తగా ఉన్నది పారేసి, గలగలమన్నదే ఉంచింది. ఒక మోపు అయ్యాక తెచ్చి అతని ముందు పెట్టింది.

"పైది మంచుకు తడిసింది జ్ఞానయ్యా. అదిస్తే నీకు పొగొస్తుంది. పొడిది తీశాను."

చితుకులు మళ్ళీ మొలలో దోపుకుని జ్ఞానయ్య ఆవిడ వంక చూశాడు. ఈవిడ కాపురానికి వచ్చిన రోజున ఈ ఊరి పొలిమేర నుంచి ఇంటిదాకా తప్పెట వేసింది తనే. పల్లకీలోంచి ఒక చిన్నపిల్ల తొంగిచూసి, చప్పుడుకు చెవులు మూసుకుని, మళ్ళీ తొంగిచూసింది. ఇప్పుడు జుట్టు నెరిసింది. చేతికి గడ్డినూగు అంటుకుని ఉంది.

మంట పెట్టాడు. మంచి మంట. పొగే లేదు. తప్పెటను మంటకు ఎదురుగా పట్టి, తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి చూశాడు. మొదట మొద్దుగా పలికింది. తరువాత గొంతు విప్పింది. తరువాత, ఎంత మంది మధ్యనైనా అతని ఒక్క చెవికి తెలిసిపోయే ఆ ఖంగుమనే పలుకు వచ్చింది. అక్కడ తీసేయాలి.

చెయ్యి వెనక్కి రాబోయింది. అతను రానివ్వలేదు.

తోలు తెల్లబడింది. అంచున ముడత లేచింది. వీరరాఘవమ్మ గారు ఇంకొక గుప్పెడు గడ్డి అందించబోయి, ఆ తోలు వంకా అతని ముఖం వంకా చూసి, చెయ్యి అలాగే ఆపేసింది. ఫట్‌మని చప్పుడైంది. తప్పెట ఈ అంచు నుంచి ఆ అంచుకు చీలిపోయింది.

"అయ్యో, నీ తప్పెట!" అంది ఆవిడ. ముందుగా వచ్చిన మాట అదే.

గుమాస్తా కళ్ళం మీద గంతు వేశాడు. "కావాలనే చేశాడండీ! చూశారా? కళ్ళారా చూశారా?"

అమీను గారు నింపాదిగా వచ్చి చీలిక చూశారు. "ఏరా, ఎప్పట్నించి కాస్తున్నావురా తప్పెట?"

"పాలపళ్ళు ఊడినప్పట్నించండి."

"ఎప్పుడైనా పగిలిందా?"

"లేదండి."

"మరి?"

"ఇవాళ పగిలిందండి."

అమీను గారు అతని ముఖంలోకి కాసేపు చూశారు. జ్ఞానయ్య తల వంచి కుడిచెవి ఆయన వైపే ఉంచాడు.

"కిరసనాయిలు డబ్బా ఉంటే తెప్పించండి, దాని మీద కొట్టిద్దాం!" అన్నాడు గుమాస్తా.

"డబ్బా మీద చాటించానని కోర్టు మునసబుగారికి నన్ను రాయమంటారా?"

"పొరుగూరి తప్పెటవాణ్ణి పిలిపించండి మరి!"

పోతురాజు అడ్డం వచ్చాడు. "వాడు రాడండి. పొలిమేర దాటి ఒకడి ఊళ్ళో ఇంకొకడు వెయ్యడండి. ఈ ఊరి పెళ్ళయినా, చావయినా, వేలమైనా జ్ఞానయ్యవే. తోలు మళ్ళీ బిగించి ఆరాలంటే ఎన్నాళ్ళో పడుతుందండి."

అమీను గారు గట్టు మీదే కూర్చుని, తప్పెట పగిలినందున చాటింపు జరగలేదని రాసి, కింద జోగారావు గారి చేత సంతకం పెట్టించారు. జ్ఞానయ్యకు ఇవ్వవలసిన అర్ధరూపాయి గుమాస్తా ఇవ్వలేదు. అతనూ అడగలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇంటికి చేరాడు. హన్నమ్మ ఒట్టి తప్పెట చట్రం చూసి, "తోలేదీ?" అంది.

"మంట ఎక్కువైంది."

"నీకా!" అంది. కుండ మూత తీస్తూ, "ఎవరి గడ్డి?"

"వీరరాఘవమ్మ గారిది. పొడిగడ్డి."

హన్నమ్మ గంజి పోసి ముందు పెట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. గంజికి స్తోత్రం చెప్పాడు. కొల్లేటికి, ఎండకు, రంగూనులో వీపు వంచిన బిడ్డకు, లోపలి పొరలో పొడిగా మిగిలిన గడ్డికి, పాండురంగారావు గారి కలానికి, దోనెలో నవ్వించిన పోతురాజుకు, ఆఖరికి కోపం వచ్చిన గుమాస్తాకు కూడా. ఆ ముండమోసిన ఆడవాళ్ళ డబ్బు సంగతి చూడు ప్రభువా అని కూడా అన్నాడు.

"చల్లారిపోతోందయ్యా," అంది హన్నమ్మ.

చట్టం ఉగాదికి ముందే వచ్చింది. జోగారావు గారికి వడ్డీ పోయింది. పైచెక్క అమ్మి అసలులో చాలా భాగం కట్టి, పాత చేను నిలుపుకున్నారు. తప్పు ఎవరిదన్న మాట మాత్రం తెగలేదు. తాడేపల్లిగూడెం సంతలో రైతులు షావుకార్లను తిట్టేవారు, ఏలూరు కాఫీ హోటళ్ళలో షావుకార్లు మద్రాసును తిట్టేవారు. జ్ఞానయ్య మాట ఎవరూ ఎత్తలేదు. పైకి అంటే కోర్టు గొడవ. జోగారావు గారు దార్లో కనిపిస్తే నిలబడేవారు, ఏదో అనబోయేవారు, "ఎండలు బాగా ఉన్నాయి" అనేవారు. "అవునండి" అనేవాడు జ్ఞానయ్య. ఆ ఒక్కమాటకే అతనికి ఆ పూట కడుపు నిండినట్టుండేది.

నిజంగా నిండిన పూటలు తక్కువ. కొత్త తోలుకు డబ్బు కూడలేదు. తప్పెట లేనివాణ్ణి ఎవరూ పిలవరు. వేసవంతా కాలవగట్టు మట్టి మోశాడు. వంగిన భుజం మీద తట్ట నిలిచేది కాదు. అయినా హన్నమ్మతో, "ఈ ఏడు వీధిలోకి వెళ్తే పిల్లలు పారిపోవటం లేదే," అని రెండు మూడు సార్లు అన్నాడు.

వానలు పట్టి కొల్లేరు నిండుతున్న రోజుల్లో జ్వరం వచ్చింది. ఒక మధ్యాహ్నం హన్నమ్మ గంజి వార్చి లోపలికి వచ్చేసరికి కుడిచెవి గుమ్మం వైపు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. పిలిచింది. పలకలేదు. పేటవాళ్ళు పాట పాడుకుంటూ తీసుకెళ్ళి మట్టి చేశారు. ఎన్నో చావులను సాగనంపిన అతని చావు తప్పెట లేకుండానే సాగింది. వెయ్యవలసినవాడే వెళ్ళిపోయాడు, పొరుగువాడు పొలిమేర దాటడు.

మర్నాడు వాన వెలిశాక వీరరాఘవమ్మ గారు దిగువపేటకు వచ్చింది. ఆవిడ ఎన్నడూ ఆ వీధిలో అడుగు పెట్టి ఎరగదు. పేటవాళ్ళకు ఏమైనా ఇవ్వాలంటే తన అరుగు మీద నిలబడి, కింద పట్టిన కొంగులో, తగలకుండా, పైనుంచి పోసేది. హన్నమ్మ అలవాటు ప్రకారం లేచి కొంగు పట్టింది. ఆవిడ పోయలేదు. వంగి, బియ్యం ఉన్న గిన్నెను హన్నమ్మ అరుగు మీద పెట్టింది. వెంటనే వెనక్కి తిరిగింది.

"గిన్నె, అమ్మగారూ!" అంది హన్నమ్మ.

"ఉండనీవే," అంది ఆవిడ, తిరిగి చూడకుండానే. బురదలో చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

అరుగు మీద, వాన తరువాతి పల్చటి ఎండలో, పుట్టింటివారు పెళ్ళికి ఆవిడ పేరు చెక్కించి ఇచ్చిన ఇత్తడి గిన్నె, అంచుదాకా బియ్యంతో.