పొయ్యి వెలిగించే వేళ

మార్చి పద్నాలుగో తారీకు ఆమెకు ఇప్పటికీ గుర్తు. ఆ సాయంత్రం వంటింటి గట్టు దగ్గర నిలబడే ఒక ఉడికించిన గుడ్డు, రెండు బ్రెడ్డు ముక్కలు తింది. గుడ్డు మీద చల్లుకున్న మిరియాల పొడి నాలుకకు తగలగానే ఉలిక్కిపడింది. రుచి అనేది ఒకటుందని ఆ నాలుక మరిచిపోయి ఎన్నాళ్ళయిందో. నోట్లోది మింగకుండా కాసేపు అలాగే ఉంచుకుంది. అంతలో ముందుగదిలోంచి భర్త గొంతు వినిపించింది.

"వెళ్ళేముందు ఆ కూర మీద మూత పెట్టు. ఈగలు."

మూత పెట్టింది. చెప్పులేసుకుంది. తాగుడు మాన్పించే కేంద్రానికి మొదటిరోజు అలా బయలుదేరింది.

అంతకుముందు వారం ఆస్పత్రిలో ఉంది. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చని, మందులిచ్చి, కనిపెట్టుకుని ఉండి, ఆ మత్తును మెల్లగా ఒంట్లోంచి దించారు. తర్వాత డాక్టరు రెండు దారులు చెప్పాడు. నెలరోజులు అక్కడే ఉండిపోవచ్చు. లేదా ఇంట్లోనే ఉంటూ, పగలు ఉద్యోగం చేసుకుంటూ, వారానికి నాలుగు సాయంత్రాలు కేంద్రానికి వచ్చి మూడేసి గంటలు కూర్చోవచ్చు. డాక్టరు మాట పూర్తి కాకముందే భర్త అందుకున్నాడు.

"రెండోదైతే వంటకు ఇబ్బంది ఉండదు కదండీ?"

డాక్టరు ఆయన్ని ఓసారి తేరిపార చూసి, ఆమె వైపు తిరిగి "మీరేమంటారమ్మా?" అన్నాడు. తననెవరైనా అలా అడిగి ఎంతకాలమైందో గుర్తుచేసుకోబోయి ఆమె జవాబు ఆలస్యం చేసింది. ఆ ఆలస్యాన్ని భర్త ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాడు. కానీ రెండో దారే కావాలని నిజానికి ఆమె మనసులోనూ ఉంది. ఎక్కడ పడిందో అక్కడే లేవాలనిపించింది.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ముందు హాల్లో కాదు, వెనక చిన్నగదిలో. అద్దాలను చక్రం మీద అరగదీసి, అంచులు నునుపు చేసి, ఫ్రేముల్లో బిగించే పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్ళకు మెట్లు వంకరగా కనిపిస్తాయి. రోజంతా ఊపిరి బిగబట్టి చేసే పని అయ్యాక ఇంటికొచ్చి, చీర కొంగు బొడ్లో దోపుకుని పొయ్యి వెలిగించడంతో రెండో ఉద్యోగం మొదలయ్యేది. దానికి సెలవుల్లేవు. ఒకరికి కారం తగ్గాలి, ఒకరికి ఉప్పు తగ్గాలి, కూతురికి పరీక్షలు, అత్తగారికి మోకాళ్ళు, భర్తకు ఎప్పుడూ ఏదో ఒక చిరాకు. అలాంటి ఒక సాయంత్రం, సెలవురోజుల్లో స్నేహితుల కోసమని భర్త దాచుకున్న సీసాలోంచి స్టీలు గ్లాసులోకి రెండు గుక్కలు వంచుకుంది. భుజాల మీంచి ఎవరో మూట దించినట్టయింది. అంతే. సరదా కాదు, షోకు కాదు. మూట దిగింది.

తగ్గినంత మేర సీసాలో నీళ్ళు కలిపేది. "ఈ మధ్య ఈ కంపెనీవాళ్ళు మోసం చేస్తున్నార్రా, సరుకు మరీ పలచబడింది" అని భర్త స్నేహితులతో అంటుంటే వంటింట్లో ఆమెకు నవ్వాగేది కాదు. తర్వాత తన సీసా తనే కొనుక్కుని, బియ్యం డబ్బా వెనక పెట్టుకునే రోజులొచ్చాయి. అప్పటికి నవ్వు పోయింది. పొద్దున్నే రెండు గుక్కలు పడితే తప్ప చేతులు నిలిచేవి కావు. ఒకరోజు కుడి అద్దం ఎడమవైపు, ఎడమది కుడివైపు బిగించి పంపేసింది. ఆ కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన రోడ్డు దాటబోయి పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు. కానీ దుకాణం ఓనరు వెనకగదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు పెంచకుండా చెప్పాడు. "అమ్మా, వాసన నాకు చాలాకాలంగా తెలుసు. నీ చెయ్యి నాకు కావాలి. బాగుచేయించుకుని రా. ఈ చక్రం దగ్గర ఇంకెవర్నీ కూర్చోబెట్టను." ఆ మాట అనకపోతే ఆ రోజు ఇంటికి వెళ్ళేదో, ఇంకెక్కడికైనా వెళ్ళేదో ఆమెకే తెలియదు.

ఇంట్లో మాత్రం మాటలు వేరేగా వచ్చాయి. "ఊరందరికీ చూపునిచ్చేదానివి, నీ దారి నీకు కనపళ్ళేదా?" అన్నారు అత్తగారు. "మగాడు తాగితే అలవాటంటారు. ఆడది తాగితే ఏమంటారో నా నోటితో అనిపించకు." భర్త ఇంకో మాట అన్నాడు. "నేనూ తాగుతాను. నాకు లేని జబ్బు నీకెందుకొచ్చిందంట?" ఇంట్లో చుక్క ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పడంతో తన సీసాను స్కూటరు డిక్కీలోకి మార్చి, అదే తను చేసిన మహాత్యాగమన్నట్టు వారం పాటు ముభావంగా తిరిగాడు. బంధువులకు నడుము నొప్పికి వైద్యమని చెప్పారు. ఆడపడుచు ఫోను చేసి, "వదినా, మునగదీసుకుని పడుకో, నడుము దెబ్బకి దారికొస్తుంది" అని రోజూ ఉపదేశించేది.

కేంద్రం ఒక పాత మేడ పై అంతస్తులో ఉంది. లోపలికి వెళ్ళగానే, తాగిందీ లేనిదీ తెలిపే గొట్టంలో ఊదాలి. నర్సు అంకె చూసి "థాంక్సండీ" అనేది. ఇంటికి తిరిగి రాగానే గుమ్మంలో అత్తగారు ముఖం దగ్గరికి ముఖం పెట్టి "ఊదు" అనేవారు. చేసే పని రెండుచోట్లా ఒకటే. కానీ ఒకచోట మనిషిగా ఊదేది, ఇంకోచోట దొంగలా ఊదేది.

గుండ్రంగా వేసిన కుర్చీల్లో పదిమంది దాకా కూర్చునేవారు. అక్కడ అసలు పేర్లు ఉండవు, పెట్టుకున్న పేర్లే. డ్రైవరన్న లారీ తోలేవాడు. మేనేజరుగారు బ్యాంకులో చేసి మానేశాడు. నిద్రమాత్రలకు బానిసైన కుర్రాణ్ణి కునికిపాట్లు అని పిలిచేవారు, వాడూ నవ్వేవాడు. ఆమెకు అద్దాలమ్మ అని పేరొచ్చింది. ఆడమనిషి ఆమె ఒక్కతే. మగవాళ్ళందరి భార్యలూ బయట వరండాలో టిఫిన్ డబ్బాలతో, ఫ్లాస్కులతో కూర్చునేవారు. ఆమె కోసం ఎవరూ కూర్చోలేదు. తెల్లవారకముందే లేచి రెండు పూటలకూ వండిపెట్టి, దుకాణంలో పనిచేసి, అక్కడినుంచి బస్సెక్కి వచ్చేది. "చల్లారిన కూర తిని తిని నాలుక మొద్దుబారిపోయింది. నీకేం, హాయిగా కూర్చుని కబుర్లు చెప్పుకొస్తున్నావు" అనేవాడు భర్త. ఆ కబుర్లేమిటో ఆయనకు తెలిస్తే బాగుండేది. ఏ అబద్ధం ఎవరికి చెప్పారో, ఎవరి నమ్మకం ఎలా తెగిందో, ఒంట్లో కోరిక లేచినప్పుడు అది అలలాంటిదనీ, పట్టుకుని నిలబడితే కాసేపటికి విరిగిపోతుందనీ నేర్చుకునే కబుర్లు అవి. బరువులెత్తే పని కంటే కష్టం. ఒక్కోరోజు బస్సులో సీటు దొరక్కపోతే నిలబడే ఓపిక కూడా ఉండేది కాదు.

అక్కడ నడిపే కౌన్సిలర్ మేడమ్ రోజూ ఒకే ప్రశ్నతో మొదలుపెట్టేది. "నిన్న ఏ వేళ కష్టంగా గడిచింది?" ఆస్పత్రి మంచం మీద మానడం వేరు, సొంత ఇంట్లో మానడం వేరని ఆమె అనేది. ఇక్కడ నేర్చుకున్నది రాత్రికి ఇంట్లో వాడి చూడాలి, మర్నాడు వచ్చి ఏమైందో దాచకుండా చెప్పాలి. ఎవరి ప్రమాదవేళ వాళ్ళు కనిపెట్టి, ఆ వేళ ఆ చోట లేకుండా ఏర్పాటు చేసుకోవాలి. డ్రైవరన్నకు లోడు దించాక వచ్చే గంట. ఆ గంటకు అతని భార్య రోడ్డు మలుపులో ఎదురొచ్చి ఇంటికి తీసుకుపోయేది. మేనేజరుగారికి ఆదివారం మధ్యాహ్నం. భార్య ఆయన్ని చెల్లెలింటికి తీసుకెళ్ళేది.

"నాకు పొయ్యి వెలిగించే వేళ" అంది ఆమె.

"అయితే ఆ వేళ మీరు వంటింట్లో ఉండకూడదు" అంది మేడమ్.

డ్రైవరన్న నిజంగానే అర్థం కాక అడిగాడు. "మరి వంటెవరు చేస్తారు మేడమ్?"

కునికిపాట్లు కూడా తలెత్తి చూశాడు. మేడమ్ అంది, "చూశారా అన్నా, ఇన్నాళ్ళలో ఈ ప్రశ్న మీలో ఎవరికీ అడగాల్సిన అవసరం రాలేదు." డ్రైవరన్న తల గోక్కున్నాడు. మర్నాటి నుంచి అతని భార్య ఫ్లాస్కులోంచి టీ వంచేటప్పుడు కప్పు ఒకటి ఎక్కువ పెట్టేది. "అద్దాలమ్మా, మా ఆయన రాత్రంతా మీ మాటే. మాకు మీరున్నారు, ఆమెకెవరున్నారే అని నన్నే అడుగుతాడు. నేనేం చెప్పను, టీ తాగు."

కేంద్రానికి వెళ్ళని సాయంత్రాలే గండాలు. ఒకరోజు ఉల్లిపాయలు వేగుతుంటే ఆ వాసనతోపాటే పాత కోరిక లేచి గొంతు దాకా వచ్చింది. బియ్యం డబ్బా వెనక ఏమీ లేదని తెలుసు. అయినా చెయ్యి అటే పోయింది. పొయ్యి ఆర్పేసి, కూర అలాగే వదిలేసి వీధిలోకి నడిచింది. మందుల దుకాణం దాటి, బట్టలు ఇస్త్రీ చేసే ఆయన బండి దాటి, బడి ప్రహరీ చుట్టూ తిరిగింది. అల విరిగేదాకా తిరిగి వచ్చింది. "ఉడుకుతున్న కూర వదిలేసి ఏమిటీ తిరుగుళ్ళు?" అంటూ అత్తగారు ముఖం ముందుకు పెట్టారు. ఆమె ఊదింది. ఏమీ లేదు. అత్తగారు వెనక్కి తగ్గలేదు. చెమటలో తడిసిపోయిన కోడలి ముఖాన్ని చాలాసేపు చూశారు. తర్వాత ఎప్పుడూ "ఊదు" అనలేదు.

అలా నెలలు గడిచాయి. చెయ్యి నిలిచింది. ఓనరు మాట నిలబెట్టుకున్నాడు, చక్రం దగ్గర కుర్చీ ఆమె కోసమే ఉంది. కూతురు ఒకరోజు జడ వేయించుకుంటూ, "అమ్మా, ఇప్పుడు నువ్వు నేను అడిగినదానికే జవాబు చెప్తున్నావు. అంతకుముందు వేరేదానికి చెప్పేదానివి" అంది. ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

వారానికి నాలుగు సాయంత్రాల గట్టి దశ ముగిసింది. ఇకనుంచి వారానికి ఒక్క సాయంత్రం వస్తే చాలన్నారు. మార్పుకు ముందు ఇంటివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడటం అక్కడి పద్ధతి. భర్తా, అత్తగారూ వచ్చారు. ఆ గుండ్రంగా వేసిన కుర్చీల్లో భర్త బస్సులో పరాయివాళ్ళ పక్కన కూర్చున్నట్టు ముడుచుకుని కూర్చున్నాడు. ఇకముందు ఇంట్లో ఏర్పాట్లు ఎలా చేసుకుంటున్నారని మేడమ్ అడిగింది.

"ఏర్పాట్లేముంటాయండీ" అన్నాడు భర్త, మొదటిసారి నవ్వుతూ. "రేపట్నుంచి సాయంత్రాలు ఇంట్లోనే ఉంటుంది. అంతా మళ్ళీ మామూలే."

ఆమె ఒళ్ళో చేతులు చూసుకుంది. అవి వణకడం లేదు.

"మామూలైతే నేను మళ్ళీ తాగుతాను" అంది.

"అందరి ముందూ బెదిరిస్తున్నావా?"

"బెదిరించడం లేదండీ. నా ఒంటి సంగతి మీకు చెప్తున్నాను. సాయంత్రం పొయ్యి వెలిగించే వేళ నేను వంటింట్లో ఉండను. పొద్దుటి వంట నేను చేస్తాను. రాత్రిది చెయ్యను. ఈ వారమూ చెయ్యను, ఇకముందూ చెయ్యను."

"మరి ఎవరు చేస్తారు? అమ్మ చేస్తుందా, ఈ మోకాళ్ళతో?" భర్త తల్లి వైపు తిరిగాడు, సాక్ష్యం చెప్పమన్నట్టు.

అత్తగారు చేతికర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని ఉన్నారు. ఎవరి వైపూ చూడకుండా మాట్లాడారు.

"నాకూ ఆ వేళంటే పడేది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో సాయంత్రమయ్యేసరికి ఏడుపొచ్చేది. ఎందుకో నాకే తెలిసేది కాదు. అందుకని ముందు ఉల్లిపాయలు తరిగేదాన్ని. వాటి ముందు ఏడిస్తే ఎవరూ అడగరు. మీ నాన్న చచ్చేదాకా ఉల్లిపాయలే అనుకున్నాడు. నాకు ఉల్లిపాయలు దొరికాయి, దీనికి సీసా దొరికింది. అంతే తేడా. ఒరేయ్, ఆ గరిటె నా చేతిలోంచి దీని చేతిలోకి పోయింది. మళ్ళీ నా చేతికి రాదు. నీ చేతులేమైనా అరిగిపోయాయా?"

వరండాలో డ్రైవరన్న భార్య కాబోలు, ఎవరో ఫక్కున నవ్వి, నోరు నొక్కుకున్న చప్పుడైంది. భర్త ముఖం ఎర్రబడింది. "నాకు వంట రాదు" అన్నాడు, చిన్నగా.

"నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా?" అంది ఆమె. కోపంగా కాదు. మొదటిసారి ఆయన్ని ఒక ప్రశ్న అడిగినట్టు.

మర్నాడు సాయంత్రం ఆమె దుకాణం నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, కూతుర్ని తీసుకుని నడకకు వెళ్ళింది. బడి ప్రహరీ చుట్టూ తిరిగారు. వంటింట్లో ఏం జరుగుతోందోనని మనసు అటే పీకింది. గిన్నె మాడుతుందేమో, పొయ్యి ఆర్పడం మరిచిపోతాడేమో, అత్తగారికి మాత్ర వేసుకునే వేళకు తిండి పడదేమో. తాగాలన్న కోరికను ఆపడం కంటే వెనక్కి పరుగెత్తి గరిటె అందుకోకుండా ఆపుకోవడమే ఆ రోజు కష్టమైంది. అదీ అలాంటి ఒక అలేనని తెలుసుకుని నిలబడింది. ఎంత ధైర్యం కావాలో దానికి.

ఇంటికొచ్చేసరికి అన్నం ముద్దయింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. "ఒకసారి వేశానో లేదో గుర్తులేక మళ్ళీ వేశాను" అన్నాడు భర్త, చొక్కా నిండా చెమటతో. ఈ గదిలో ఇంత ఉక్క ఉంటుందని ఇన్నేళ్ళూ ఎవరూ తనకు చెప్పలేదన్నట్టు చూశాడు. అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "నా పెళ్ళయిన మొదటి వారం నేనూ ఇలాగే చేశాను. పళ్ళెం నా మొహాన కొట్టారు. నువ్వు అదృష్టవంతుడివిరా, తింటున్నాం" అన్నారు. కూతురు నీళ్ళు తాగుతూ తింది, నవ్వుతూ తింది. ఆమె బాగుందని అబద్ధం చెప్పలేదు, నేను చేసుంటే బాగుండేదనీ అనలేదు.

తిన్నాక ఆమె వెళ్ళి పడుకుంది. గిన్నెలు తోముతున్న చప్పుడు, మధ్యలో ఒకటి జారిన చప్పుడు, కొళాయి కట్టేసిన చప్పుడు ఒక్కొక్కటీ వినబడ్డాయి. లేవలేదు. చాలాసేపటికి దీపం ఆరింది. నిద్రపోతున్నవాళ్ళు లేస్తారేమోనన్న జాగ్రత్తతో, వంటింటి తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు ఆయన.