ఆగిన చోటి నుంచి

చైర్మన్ తన పెన్నుతో ఖుర్షీద్ బేగం కుర్తా కుడి చేతిని పైకెత్తి క్లాసంతటికీ చూపించాడు. భుజం కింద అందులో ఏమీ లేదు.

"చూస్తున్నరా? నిర్లక్ష్యమంటే గిది. నడుస్తున్న మిషన్ల చెయ్యి వెట్టింది. అయినా నేను ఇడిసిపెట్టలే. గీ కాలేజీలనే ఊడ్చే పని ఇచ్చిన. మేనేజ్‌మెంట్ అంటే దిల్ ఉండాలె."

ఎంబీఏ రెండో సంవత్సరం క్లాసు అది. రెండో బెంచీలో ఖుర్షీద్ కూతురు జీనత్ కూర్చుని ఉంది. తల్లిని సంతలో గొడ్డును చూపినట్టు చూపిస్తుంటే ఆమె రాసుకుంటున్న పుస్తకం మూసేసింది.

నారాయణఖేడ్ శివార్లో పత్తి మిల్లు ఈ చైర్మన్‌దే, ఆ మిల్లు గోడకు ఆనుకున్న ఈ కాలేజీ ఆయనదే. మిల్లు రొద రోజంతా క్లాసులోకి వినిపిస్తుంది. తల్లిదండ్రులు గోడకు అటువైపు అరిగిపోవాలి, పిల్లలు ఇటువైపు ఆయనకు వంత పాడటం నేర్చుకోవాలి. సిగ్గులేని ఏర్పాటు అది.

"సోమవారం పట్నం నుంచి కాలేజీ తనిఖీకి వస్తున్నరు. మా మిల్లు మీద కేస్ స్టడీ గీ పిల్లనే స్టేజీ మీద చదువుతది. తప్పు తల్లిదేనని తన నోటితోనే చెప్తది," అని జీనత్ వైపు చూసి నవ్వాడు. "చెప్పకుంటే తల్లికి పని లేదు, బిడ్డకు పరీక్ష లేదు."

ఆయన వెళ్ళాక బస్వరాజ్ సార్ తలుపు దగ్గరగా వేసి, ఎప్పటిలాగే వచ్చి పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన క్లాసు పద్ధతి వేరు. ఒకరు మొదలుపెడతారు. వాళ్ళు ఆగిన మాట దగ్గర నుంచే ఇంకొకరు అందుకోవాలి. వంతు వస్తే సారూ అందుకోవాలి, తెలియకపోతే తెలియదని ఒప్పుకోవాలి. సార్ పిల్లల దగ్గర, పిల్లలు సార్ దగ్గర అట్లాగే నేర్చుకున్నారు.

"నడిచే మిషన్ల చెయ్యి ఎందుకు పెట్టింది?" రజిత మొదలుపెట్టింది.

"ఇరికిన పత్తి తీసేటందుకు," అన్నాడు వేణు. అతని తండ్రి అక్కడ హమాలీ. "ఆపి తీస్తే మేస్త్రీ బూతులు తిడ్తడు. కూలి కోస్తరు."

"మిషన్ మీద ఇనుప మూత ఉండాలె గదా," అని సార్ ఆగిపోయాడు. "అదేమైందో నాకు తెల్వదు."

అందరూ జీనత్ వైపు చూశారు. ఆమె వరండాలో ఊడుస్తున్న తల్లిని లోపలికి పిలిచింది.

"అమ్మీ, మూత ఎవరు తీసిన్రు?"

ఖుర్షీద్ ఎడమ చేతిలో చీపురు అలాగే పట్టుకుని తలుపు వైపు ఒకసారి చూసింది. "చైర్మనే దగ్గరుండి తీపిచ్చిండు బేటీ. తీసుడు, పెట్టుడుతోని టైం ఖరాబైతుందన్నడు. చెప్తే నీ సదువు పోతదని నోరు మూసుకున్న."

"గిప్పుడు కూడ నోరు మూసుకునుడే మంచిది," అన్నాడు నగేష్. "పరీక్షలు దగ్గర వడ్డయి. చదివెయ్ జీనత్. ఉత్తగ ఆగమైతం."

"నీ తల్లి చెయ్యి అయితే నువ్వు చదువుదువా?" అంది జీనత్.

"కొలువు పోతదని నాకూ భయమే," అన్నాడు సార్. "ఇంట్ల చిన్న పిల్లలున్నరు."

"ఒక్కతే చెప్తే ఒక్కదాన్ని తొక్కుతరు," అంది రజిత. "క్లాసుల ఎట్ల చెప్తమో ఆడ గూడ అట్లనే చెప్దాం. ఒకలు ఆగితే ఇంకొకలు."

సోమవారం కాలేజీ ముందు షామియానా వేశారు. మిల్లు మాత్రం ఆపలేదు. జీనత్ మైకు ముందు నిలబడి, చైర్మన్ ఇచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టింది.

"మా అమ్మది నిర్లక్ష్యం కాదు. మిషన్ మీద మూత ఉంటే ఆమె చెయ్యి—"

చైర్మన్ కనుసైగ చేశాడు. ఇద్దరు మనుషులు ఆమెను జడ పట్టి మెట్ల మీదుగా ఈడ్చారు.

"—ఉండేది," కింద నుంచి రజిత అందుకుంది. "గా మూత తీపిచ్చింది—"

ఆమెను చెంప పగిలేలా కొట్టారు.

"—గీ చైర్మనే," అంటూ వేణు లేచాడు. "గాయన లాభం కోసం—"

కర్ర అతని మోకాళ్ళ మీద పడింది. అప్పుడు బస్వరాజ్ సార్ లేచాడు.

"—ఒక మనిషి చెయ్యి పోయింది. రేపు ఇంకొకలది పోతది. గా మూత మళ్ళ పెట్టేదాక—"

అదే కర్ర ఆయన నోటి మీద తగిలింది. పడిపోయినవాణ్ణి కూడా కడుపులో తన్నారు. తనిఖీకి వచ్చిన పెద్దలు తలలు దించుకుని టీ తాగారు. ఇంకెవరూ అందుకోలేదు. నగేష్ కుర్చీలోంచి లేచి షామియానా బయటికి పరుగెత్తడం జీనత్ నేల మీద నుంచి చూసింది. తల్లి కూడా ఎక్కడా కనబడలేదు. జీనత్‌కు ఏడుపు ఆగలేదు.

పోలీసులు వచ్చి, కొట్టినవాళ్ళను వదిలేసి దెబ్బలు తిన్నవాళ్ళను వ్యానులో ఎక్కించారు. సార్ తల జీనత్ ఒడిలో ఉంది. ఆయన నోరు తెరిస్తే రక్తమే వచ్చింది, మాట రాలేదు.

వ్యాను మిల్లు గేటు దగ్గరికి వచ్చేసరికి రొద ఆగిపోయింది. పట్టపగలు ఆ రోడ్డు మీద అంత నిశ్శబ్దం జీనత్ ఎన్నడూ ఎరగదు. వ్యాను కిటికీ జాలీలోంచి చూసింది. ఒళ్ళంతా దూది అంటుకున్న కూలీలు బయటికి వస్తున్నారు. అందరికంటే ముందు అమ్మీ ఉంది. మిషన్ల స్విచ్చు తన ఎడమ చేత్తో ఆమే ఆపిందని జీనత్‌కు తర్వాత తెలిసింది. పక్కన నగేష్ గేటు ఎక్కి నిలబడ్డాడు.

"మా సార్ గీడ ఆగిండు," అని గొంతు చించుకున్నాడు. "గా మూత మళ్ళ పెట్టేదాక—"

"—మిల్లు నడవది," అన్నారు కూలీలంతా.