గీతలు లేని వేళ్లు

తెల్లటి క్షారపు పలుకులు నీళ్లలో కరుగుతున్నకొద్దీ డ్రమ్ము వేడెక్కుతోంది. బూడిద బాబాయి ఆవిరి తగలకుండా మొహం పక్కకు తిప్పుకుని పొడవాటి గరిటెతో కలుపుతున్నాడు. బొగ్గు బూడిదలో ఈ ద్రావణం పోస్తే సిమెంటు అక్కర్లేకుండానే రాయిలా బిగుస్తుంది. జియోపాలిమర్ అంటారు. ఆమ్లానికి లొంగని మురుగునీటి గొట్టాలు ఆ ఫ్యాక్టరీలో దానితోనే పోస్తారు. పద్దెనిమిదేళ్లుగా పాళ్లు చూసేది ఆయనే.

పొద్దున్నే మేనకోడలు ఫోన్ చేసింది. "అమ్మ నిన్నే కలవరిస్తోంది మామయ్యా. ఇవాళ రాకపోతే ఎలా?"

తల్లి పోయాక తనను చంకనేసుకుని పెంచిన అక్క. పది వీధుల అవతల నెల రోజులుగా మంచం మీదే ఉంది.

వెళ్తానంటే ఇంజనీరు గడియారం చూశాడు. "ఈ గొట్టం పోసి వెళ్లు బాబాయ్. నువ్వు లేకపోతే మాకు చెయ్యి విరిగినట్టే."

"నిన్నా అదే మాటన్నారు సార్."

"అన్నాను. నిజమే కదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. సెలవు అడిగినప్పుడల్లా ఆ మెచ్చుకోలే గొళ్లెమై పడేది.

పోత ముగిసేసరికి మూడయింది. ఆదరాబాదరా చేతులు కడుక్కుని గేటు తెరిచే వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టాడు. ఎర్రదీపం. చూపుడువేలు పెట్టాడు. మళ్లీ ఎర్రదీపమే. క్షారం ఏళ్ల తరబడి కొరికి వేళ్ల మీది గీతలు తుడిచేసింది. రోజూ వాచ్‌మనే తన వేలు పెట్టి పంపాలి. అతనేమో టీకి వెళ్లాడు. ఆయన ఇనుప కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా బస్సు వచ్చి ఆగింది, కదిలిపోయింది.

ఫోన్ మోగింది.

"మామయ్యా..." అంది మేనకోడలు. "ఇక తొందరేం లేదు. నిదానంగా రా."

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, ఒక్క కేక వేస్తే రానా బాబాయ్?"

"పర్లేదులే."

ఏనాడూ కేక వేసిన మనిషి కాదు.

ఇంట్లో అక్క నుదుటి మీద చెయ్యి వేశాడు. మొద్దుబారిన వేళ్లకు చల్లదనం కూడా తెలియలేదు. చెయ్యి తిప్పి మణికట్టు ఆనించాడు. అప్పుడు తెలిసింది.

"మొన్నటిదాకా నీ కోసమే కుట్టింది మామయ్యా," అంది మేనకోడలు.

మంచం పక్క స్టూలు మీద మెత్తటి నూలు చేతితొడుగులున్నాయి. ఒకటి పూర్తయింది. రెండోదానికి మూడు వేళ్లే ఉన్నాయి. నాలుగో వేలి అంచున దారంతో సహా సూది గుచ్చి ఉంది.